కొండదారి గుఱ్ఱము, పెరికె మూట
మధుర, కోయంబత్తూరు సీమల తెలుగువారును పూర్వపు పర్వతయాత్రా సన్నాహమును

మధురనుండి కొడైకెనాలు కొండకు పోవు బాటసారి రైలు దిగవలసిన ఊరు అమ్మయనాయకనూరు. తిరుచిరాపల్లి మధురల నడుమ 1875లో రైలుమార్గ మేర్పడినది మొదలు, కొండమీదికి బండిదారి 1916లో సర్వజనులకు తెఱవబడువఱకు, అచ్చట దిగినవారు ఎద్దుబండ్లెక్కి వత్తలగుండు, దేవదానపట్టి, పెరియకుళముల మీదుగా 30 మైళ్ళకు పైబడిన దూరమును తఱచుగా రాత్రివేళ గడచి, కొండయడుగున నొక తోపు చేరెడివారు. ఆ తోపు పేరు కృష్ణమనాయకుని తోపు. బండిచక్రము దొరలగల నేల అచ్చటితో సరి. పైన సుమారు 12 మైళ్ళ యిఱుకుదారి. ఎక్కుడు రమారమి 6,000 అడుగులు. గుఱ్ఱముమీదనో, డోలీలోనో, కాలినడకనో పోవలసినదే కాని వేఱు గతి లేదు.

బండిప్రయాణము మొదలగుచోట నొక నాయకుని పేరు, ముగియుచోట మఱియొక నాయకుని పేరు. ఇవి యాదృచ్ఛికముగా పడిన పేళ్ళు కావు. 16వ శతాబ్దినుండి మధురసీమయందు స్థిరపడిన తెలుగు నాయకులు పశ్చిమపు కొండల యడుగున వరుసగా నిలిపిన పాలెములలో ఇట్టి పేళ్ళు పెక్కు గలవు. బోడినాయకనూరు, గండమనాయకనూరు మున్నగునవి ఆ కోవలోనివే.

కొండపట్టణముల చరిత్రలు వ్రాసినవారు సాధారణముగా శిఖరమునుండి కథ నారంభింతురు. ఏ దొర ఏ సంవత్సరమున మొదట పైకెక్కెను, ఎచ్చట బంగళా కట్టెను, ఏ చెఱువు త్రవ్వించెను అనునవి వారి ప్రకరణములు. ఆ దొర తినిన అన్నము, కప్పుకొనిన కంబళి, ఎక్కిన గుఱ్ఱము, ఆ గుఱ్ఱము తినిన ఉలవలు, వీనినన్నిటిని మోసిన మూటలు ఎచ్చట కట్టబడినవో ఆ చరిత్రలలో కానరాదు. పర్వతయాత్రలో సగముపని కొండయడుగుననే తీరును. మూట చక్కగా కట్టినచో యాత్ర సాగును. కట్టనిచో మొదటి మలుపుకడనే నిలిచిపోవును. కావున ఈ కథను అడుగునుండి చెప్పుట న్యాయము.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఈ కొండలను తెలుగువారు కనుగొనిరని యెవరును చెప్పరాదు. నీలగిరులపై తోడలు, కోతలు, బడగలు, కురుంబలు, ఇరుళులు. పళని కొండలపై పళియరులు, కున్నువరులు తరతరములుగా నున్నారు. దారి చూపినవారు వారే. బడగ యను పేరుమాత్రము తెలుగువారి చరిత్రలో నొక చిక్కు తెచ్చిపెట్టినది. ఆ మాటకు ఉత్తరమువారు అని యర్థము. తమిళులు తెలుగువారిని వడుగరు లనుటయు అట్టిదే. ఫ్రాన్సిస్ జేవియరు 1544 ప్రాంతమున వ్రాసిన లేఖలలో ముత్యపుతీరమును కొల్లగొట్టిన బడగలు విజయనగర పక్షపు దక్షిణ సేనలకు చెందిన వడుగరులు. 1603లో ఫెనీసియో యను క్రైస్తవ గురువు మలయాళతీరమునుండి నీలగిరి కెక్కి చూచిన బడగలు మైసూరు సీమనుండి వలసపోయిన కృషీవలులు. రెండు జనములకు ఒకే పేరు కనబడినంతమాత్రమున నీలగిరి బడగలను తెలుగువారినిగా లెక్కించుట పొరపాటు. సంఘాభిమానము కొఱకు చరిత్రను వంచుట అభిమానమునకే చేటు.

తెలుగువారు ఈ సీమకు తెచ్చినది వేఱు విద్య: గుఱ్ఱమును పోషించుట, దండును కదలించుట, మజిలీ వేయుట. పాండ్యదేశమునకు ఏటేట వేలకొలది గుఱ్ఱములు అరేబియా, పారసీక తీరములనుండి ఓడలమీద వచ్చుచుండెననియు, పోషణ యెఱుగనివారి చేతిలో అందు పెక్కు సంవత్సరములోపలనే చచ్చుచుండెననియు, వానికి అన్నమును మాంసమును కలిపి వండి పెట్టుచుండిరనియు 13వ శతాబ్ది చివర మార్కో పోలో వ్రాసెను. అతని మాటలో కొంత అతిశయోక్తి యుండవచ్చును. కాని దక్షిణపు వేడికి, తేమకు, మేతకు పరదేశపు గుఱ్ఱము తాళలేదనుట నిజము. విజయనగరపు అమరనాయంకర పద్ధతిలో నాయకునికి సీమ యిచ్చునప్పుడే ఇన్ని గుఱ్ఱములు, ఇంత కాల్బలము సిద్ధముగా నుంచవలెనని కట్టడి యుండెను. ఆ లెక్కలు వ్రాసిపెట్టిన నూనిజ్ అను పోర్చుగీసువాడు తానే గుఱ్ఱపు వర్తకుడు. గుఱ్ఱము చచ్చినచో నాయకుని యమరమునకే ముప్పు. అందుచే అశ్వపోషణము తెలుగు నాయకులకు విలాసము గాక జీవనాధార మయ్యెను. మనుమంచిభట్టు అశ్వలక్షణములను తెలుగు పద్యములలో కూర్చుటకును ఇట్టి యవసరమే మూలమై యుండును.

విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున మధురకు వచ్చినప్పుడు ఈ కట్టడియే వెంట వచ్చినది. మధురకోటకు 72 బురుజులు, సీమకు 72 పాలెములు, బురుజున కొక పాలెగాడు కావలియని ప్రసిద్ధి. మధురనాయకుల కొలువునకు చెందినదని ఇటీవలి పండితులు నిర్ణయించిన రాయవాచకమను వచనగ్రంథమున కృష్ణరాయల దండయాత్రల ముచ్చట విస్తరముగా నున్నది. దండు కదలుటకు ముందు ఏమేమి సమకూర్చవలెనో ఆ కాలపు మధుర తెలుగువారికి చక్కగా తెలియునని ఆ గ్రంథము చదివినవారికి తోచకమానదు.

దిండిగల్లు సీమ పాలెములను పటములో చూచినచో ఒక విషయము స్పష్టమగును. విరూపాక్షి, అయకుడి, బోడినాయకనూరు వంటివి కొండకును మైదానమునకును నడిమి అంచున కలవు. కనుమ నోరు ఎవని చేతిలో నుండునో సుంకము వానిది. కొండమీది పచ్చిక వాని మందలది. ఆపదలో కొండ వానికి కోట. విరూపాక్షి గోపాలనాయకుడు కుంఫిణీతో పోరాడినప్పుడు ఈ కనుమలే అతనికి అండ యయ్యెను. 1801లో ఆ తిరుగుబాటు అణచబడి, అతడు ఉరితీయబడి, పాలెగాండ్ర ఆయుధములు ఊడ్వబడిన తరువాత యుద్ధపు గుఱ్ఱమునకు పని లేకపోయెను. మిగిలినది పొట్టిగుఱ్ఱము, అనగా తట్టువ, దానితోపాటు పొదియెద్దు. యుద్ధవిద్యగా వచ్చినది బరువుమోత విద్యగా మాఱినది. చరిత్రకారులు పాలెగాండ్ర కథను ఉరికొయ్యకడ ముగింతురు. ఆ పల్లెలలోని గుఱ్ఱపువారి కథ అప్పుడే మఱియొక విధముగా నారంభ మయ్యెను.

కోయంబత్తూరు వైపు కథకు నడియూరు దణ్ణాయకకోట. భవానీనది యొడ్డున నీలగిరి యడుగున హొయ్సల దండనాయకుని పేర వెలసిన ఈ దుర్గము కొండకెక్కువారికి చిరకాలము విడిది. 1799లో టిప్పు పతనముతో ఈ సీమ కుంఫిణీ వశమయ్యెను. మఱుసటి యేడే బుకానను అను వైద్యుడు ఇచ్చటినుండి దగ్గఱి కొండపల్లె కెక్కి, మిక్కిలి బడలి దిగెను. 1812లో కీసు, మక్‌మహాను అను సర్వేవారు, 1818లో కోయంబత్తూరు కలెక్టరు సహాయకులగు విష్షు, కిండర్‌స్లీలు, 1819 జనవరిలో కలెక్టరు జాన్ సల్లివను పైకెక్కిరి. సల్లివను బయలుదేరినది శిరుముగ నుండి. మైదానము వీడిన తరువాత పీఠభూమి చేరుటకు అతని బలగమునకు ఆఱు దినములు పట్టినదనియు, దారిలో కొందఱు ప్రాణములు కోల్పోయిరనియు చెప్పుదురు. వారి పేళ్ళు ఎచ్చటను కనబడవు. మెక్‌ఫర్సను అను సైనికోద్యోగి శిరుముగనుండి కోతగిరికి దారి తీయించుట 1821లో మొదలై 1823లో ముగిసెను. గుఱ్ఱము నమ్మకముగా అడుగు వేయగల దారి అదియే మొదటిది. అంతకుముందు మూట మనుష్యుని తలమీదనే ఎక్కెను. దణ్ణాయకకోట యిప్పుడు భవానీసాగరము నీటి క్రింద నున్నది. 1955లో ఆ యానకట్ట ముగిసినప్పటినుండి, నీరు బాగుగా తగ్గిన వత్సరములలో మాత్రము పాత కోవెల బయటపడుచుండును.

ఇక సన్నాహము. యాత్రకు తగిన కాలము నిర్ణయించుటయే మొదటి పని. నీలగిరికి నైరృతి ఋతుపవనము, పళని కొండలకు తులామాసపు వాన ప్రధానము. ఒకదానికి పనికివచ్చిన నెల రెండవదానికి పనికిరాదు. వానలు వెలసిన జనవరిలో దారి గట్టిపడును, కాని రాత్రి పీఠభూమిపై మంచు గడ్డకట్టును. వేసవిలో చలి తక్కువ, అడుగున ఎండ దుర్భరము. 1845 మొదలుకొని మధుర అమెరికా మిషనువారు పిల్లలతో కొడైకెనాలు కెక్కినది వేసవి తాపమునకును రోగములకును వెఱచియే.

కాలము కుదిరిన పిమ్మట సంచులు. బరువు మోయు పశువు వీపుపై ఇరుప్రక్కల వ్రేలునట్లు వేసెడి జోడుసంచికి తెలుగున కంటలమని పేరు. ముతకనూలుతోనో జనుముతోనో నేసిన మూటసంచి పెరికె. తెలుగునాట పెరికెవారను కులమునకు ఆ పేరు వచ్చినది ఈ సంచినుండియే. తమిళులు పొదిమాడని పిలుచు పశువునే తెలుగువారు పెరికెయెద్దని పిలిచెడివారు. ఉప్పు, ధాన్యము, ప్రత్తి, బట్టలు కనుమల మీదుగా పోయినది ఈ సంచులలోనే. బండ్లు పెరిగినకొలది కంటలమను మాట నిఘంటువున కెక్కి వాడుకనుండి దిగినది. వస్తువు పోయినచో మాట పోవుట సహజమే. కాని ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము మాటాడు కుటుంబములలో ఇట్టి మాట ఒకసారి జాఱినచో దాని స్థానమున తమిళపు మాట చేరునే కాని తెలుగుమాట తిరిగి రాదు.

కంటలమును నింపుట చూచుటకు తేలిక, చేయుటకు కష్టము. రెండుప్రక్కల బరువు సరిసమానముగా నుండవలెను. తక్కెడ అక్కఱలేదు, రెండు చేతులతో రెండు సంచులను ఒకేసారి పైకెత్తి చూచుటయే తూకము. ఒక ప్రక్క కొంచెము బరువైనను జీను ఆ వైపునకు ఒఱగును, ఒఱగిన జీను వెన్నుగట్టును ఒఱసికొనును, ఒక దినములో పుండు పడును, మఱుసటి దినము గుఱ్ఱము పనికిరాదు. బరువైన వస్తువులు అడుగున, వీపునకు దగ్గఱగా, తేలికవి పైన. ఇత్తడి పాత్రలు ఒకదానిలో నొకటి దూర్చి నడుమ గుడ్డ పెట్టవలెను. అట్లు చేయనిచో వాని చప్పుడునకు తట్టువ బెదరును. కొండ యంచున బెదరిన తట్టువతో వాదించువా రెవరు? మూట ప్రక్కలకు ఉబ్బియుండరాదు. దారికి ఒకప్రక్క బండ, ఒకప్రక్క లోయ. ఉబ్బిన మూట బండకు తగిలినచో పశువు లోయవైపునకు త్రోయబడును. నిప్పుపెట్టె, మందులు, ఒక పూట తిండి ఎప్పుడును పైన చేతి కందునట్లుండవలెను. డేరా చివర కట్టి మొదట విప్పవలెను. వానలో మజిలీ చేరినవానికి ఈ నియమపు విలువ తెలియును.

జీను క్రింద మడత పెట్టిన కంబళి వేయుట తప్పనిసరి. ఎక్కుటలో జీను వెనుకకు జారకుండ ఱొమ్మునకు అడ్డముగా నొక పట్టె, దిగుటలో ముందునకు జారకుండ తోక క్రిందుగా నొక పట్టె కావలెను. మైదానమున ఈ రెండును లేకున్నను గడచును, కొండలో గడవదు. బిగించునప్పుడు గుఱ్ఱము కడుపు ఉబ్బించును. కావున బయలుదేరిన కొంతసేపటికి ఆపి కడుపుపట్టెను మరల బిగింపవలెను. ఈ సంగతి తెలియక క్రిందపడిన స్వారులు ఎందఱో.

ఈ పట్టెలు, వారులు, తోలుసంచులు కుట్టినవారెవరు? మధుర, కోయంబత్తూరు సీమలలో తోలుపని పెక్కుచోట్ల అరుంధతీయులది. వారిలో చాలమంది యింటిభాష తెలుగే. మోటబావికి తోలుబొక్కెన కుట్టిన చేయియే జీనుపట్టెయు కుట్టెను. రాతిపనికి, మట్టిపనికి పేరుపడిన ఒడ్డెవారిది కూడ తెలుగుభాషయే. తమిళదేశపు బావులు, చెఱువులు, దారులు వారి శ్రమను మిక్కిలిగా ఎఱుగును. దక్షిణదేశపు తెలుగువారనగానే నాయకరాజులు, కవులు, కమ్మవారి ప్రత్తిచేలు, బలిజల వర్తకము, దేవాంగుల మగ్గములు స్ఫురించుట అలవాటైనది. పట్టె తెగినచో నాయకుడైనను, కలెక్టరైనను లోయలో పడును. ఆ పట్టె కుట్టినవానికి సంఘముల చరిత్రలలో తగిన స్థలము దొరకలేదనుట చేదైన నిజము.

కంబళి విషయము వేఱుగా చెప్పదగినది. మధుర, కోయంబత్తూరు సీమల తెలుగువారిలో రాజకంబళమువారు ఒక పెద్ద శాఖ. కులసభలో కంబళి పఱచి, దానిపై కలశము నుంచి, తగవులు తీర్చు నాచారమునుబట్టి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. మందలతో తిరుగువానికి కంబళియే పక్క, దుప్పటి, గొడుగు, జీనుమెత్త, న్యాయాసనము. బట్టలపెట్టె నిండుగ తెచ్చుకొని, కంబళి తీసికొనక కొండ యెక్కిన మైదానపు సేవకుడు రాత్రి చలికి తాళలేకపోయెడివాడు. దొరలు తమకు ఉన్నిబట్టలు సిద్ధము చేసికొని, మూటలు మోయువారికి నూలుగుడ్డతోనే సరిపుచ్చుట పూర్వపు యాత్రలలో అరుదు కాదు. మనిషి కొక కంబళి, గుఱ్ఱమున కొక కంబళి అను లెక్క నెఱిగిన యజమానుని వెంట పోవుటకే కూలివారు ఇష్టపడెడివారనుటలో వింత లేదు.

తిండి కట్టుటలో దూరమును, నీటి కఱవును గమనింపవలెను. మొదటి పూటకు చింతపండు పులుసు కలిపిన అన్నము. రెండవ దినమునకు అటుకులు, పేలపిండి, బెల్లము. ఆపైన బియ్యము, పప్పు, ఉప్పు, మిరపకాయలు, ఇంగువ. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరగును గనుక పప్పు ఉడుకుటకు మిక్కిలి ఆలస్యమగును; కట్టెలు తడిసియున్నచో చెప్పనక్కఱ లేదు. పెసరపప్పు కట్టినవాడు తినును, కందిపప్పు కట్టినవాడు కాచుకొనియుండును. గుఱ్ఱమునకు ఉలవలు. కోయంబత్తూరు మెట్టనేలలలో అవి సమృద్ధి. నానబెట్టియో ఉడికించియో పెట్టవలెను గాని ఎండువి పెట్టరాదు. అలసియున్న గుఱ్ఱమునకు వెంటనే దాణా పెట్టరాదు. పళనిలో పంచామృతమని యిచ్చు ప్రసాదము అరటిపండు, బెల్లము, తేనె, నెయ్యి, ఏలకులతో నీరు తగులకుండ చేయబడుటచే చాలదినములు నిలువయుండును. అందు వాడు విరూపాక్షి అరటిపండు ఆ కొండలలోనిదే. దేవుని ప్రసాదమే బాటసారికి మంచి దారిబత్తెమైనది. ఆ దేవునికి భక్తులు మోయు కావడియు మొదట బరువు మోయు సాధనమే కదా.

మందులలో ముఖ్యమైనది జ్వరపు మందు. కొండయడుగు అడవిలో రాత్రి నిద్రించినచో చలిజ్వరము తప్పదని అందఱికి తెలియును. కారణము మాత్రము తెలియదు. చెడుగాలియనియు, కుళ్ళిన ఆకుల ఆవిరియనియు తలచెడివారు. అందుచే అడుగున నిలువక, జాము తెల్లవారకమునుపే బయలుదేరి, ఎండ ముదురుసరికి ఆ మేర దాటుట ఆచారమయ్యెను. కారణము తప్పైనను ఆచారము మేలే చేసినది. కుట్టునది దోమ, అదియు రాత్రివేళ. ఈ రహస్యమును రొనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదున బయటపెట్టెను. సింకోనాచెట్టు 1860 తరువాత నీలగిరిలోనే పెరిగి, దాని బెరడు మందు ఆ దారినే మూటలలో క్రిందికి దిగెను. వానకాలపు అడవిలో జలగలకు పొగాకు, ఉప్పు, సున్నము చాలును. పొగాకు నానిన నీటితో కాళ్ళగుడ్డలు తడిపి చుట్టుకొనుట ప్రసిద్ధమైన ఉపాయము.

బయలుదేరు దినమున ఒక స్వారి వెంట ఎందఱు నడచిరో లెక్కించినచో ఆశ్చర్యము కలుగును. చెన్నరాజధాని వాడుక ప్రకారము గుఱ్ఱమున కొక గుఱ్ఱపువాడు, గడ్డి కోయుట కొకరు. ఈ రెండవ పని తఱచుగా గుఱ్ఱపువాని భార్యది. స్వారి యెక్కిన దూరమంతయు ఆమె నడచి, మజిలీ చేరినపిమ్మట అతడు కూర్చుండగా ఆమె గరిక కోసి, కడిగి, మోసి తేవలెను. డోలీ యెక్కువారికి బోయీలు కావలెను. ఆంగ్లేయులు దక్షిణదేశమున పల్లకీ మోయువానిని బాయ్ అని పిలిచినది తమ భాషలోని బాలుడను మాటనుబట్టి కాదనియు, తెలుగు మలయాళములలోని బోయి యను మాటనుండియే అది వచ్చినదనియు భాషావేత్తలు చెప్పుదురు. నెరసిన తలతో 6,000 అడుగులు డోలీ మోసినవానిని పరభాషవాడు బాలుడని పిలిచినట్లు వినబడుట, పిలిచినవానికి ఆ సంగతియే తెలియకుండుట, చరిత్ర చేసిన పరిహాసము.

అడవి మొదలైనపిమ్మట మైదానపువాని యధికారము ముగిసెడిది. దారి చూపుట కొండవాని వంతు. 1821 మే 25న సర్వే చేయవచ్చిన వార్డు అను సైనికోద్యోగి వెళ్ళగవి యను కున్నువరుల పల్లెమీదుగా ఇప్పటి కొడైకెనాలు తావునకు ఎక్కెను. 1834లో మధుర సబుకలెక్టరు రాటను, రెవిన్యూ బోర్డు సభ్యుడు కాటనులు దేవదానపట్టి వైపునుండి యెక్కి శెంబగనూరుకడ చిన్న బంగళా కట్టించిరి. వీరి పేళ్ళు పుస్తకములలో కలవు. వెళ్ళగవిలో ఏ కున్నువరుడు ముందు నడచెనో, పెరియకుళముకడ ఎవరు మూటలు కట్టిరో వానిలో లేదు. దారి యెఱిగినవాడొకడు, మూట కట్టినవాడొకడు, పేరు తెచ్చుకొనినవాడు మూడవవాడు.

తరువాతి మార్పు త్వరగా వచ్చినది. మేట్టుపాళయమునకు 1873లో రైలు వచ్చెను. 1899లో కున్నూరుకు పళ్ళచక్రపు రైలు ఎక్కెను, 1908లో ఉదకమండలమునకు రైలు చేరెను. 1916తో కృష్ణమనాయకుని తోపులో బండ్లు దిగువారు తగ్గిపోయిరి. 1920లో కోయంబత్తూరు తెలుగు కుటుంబములో జన్మించిన జి. డి. నాయుడు పొల్లాచ్చి పళనుల నడుమ మోటారుబస్సు నడిపెను. పూర్వులు అశ్వమును నమ్మిన సీమలో వారి వంశీయుడు యంత్రమును నమ్మెను. గుఱ్ఱపువారిలో కొందఱైనను బస్సు శుభ్రపఱచు పనిలో కుదిరియుందురు.

అయినను గుఱ్ఱము పూర్తిగా పోలేదు. పూర్వము కోయంబత్తూరు జిల్లాలోను, 1979నుండి ఈరోడు జిల్లాలోను చేరిన అంతియూరులో గురునాథస్వామి ఆడిమాసపు ఉత్సవమున గుఱ్ఱముల సంత సాగుచునే యున్నది. అచ్చటికి దూరదేశపు మేలుజాతి గుఱ్ఱములతోపాటు చిన్న తట్టువలును వచ్చును. చూపఱులు పెద్దవానిచుట్టు మూగుదురు, కొండపల్లెలవారు చిన్నవాని కాళ్ళు తడవి చూతురు.

వార్డు ఎక్కిన వెళ్ళగవికి 21వ శతాబ్ది వచ్చిన తరువాతను చాలకాలము బండిదారి లేదు. ఆ పల్లెలో పాదరక్షలు తొడుగరాదను నియమము కలదు. బియ్యము, ఉప్పు, వంటనూనె గుఱ్ఱములమీదనే పైకి పోయెను. కాఫీగింజలు, పండ్లు అట్లే క్రిందికి దిగెను. రోగి యున్నచో నలుగురు మోసికొని దిగవలసినదే. పెరియకుళమునకు సమీపమున కుంబక్కరై కడ నీటి చప్పుడు ప్రక్కన నిలిచి, రెండు చేతులతో రెండు మూటలను ఒకేసారి పైకెత్తి తూచి, కంబళి మడిచి, జీను వేసి, కడుపుపట్టె బిగించి, కొంత దూరము నడచినపిమ్మట మరల ఆపి, అది యెంత వదులైనదో చూచి, మరల బిగించిరి.